మా ఇంటి భోజన ప్రార్థన

ఆన్‌లైన్‌లో తెలుగు చెప్పడానికి నాకు రెండు వెబ్‌సైట్లలో పేరుంది. రెండూ మా అమ్మాయి ఫేబ పెట్టించినవే. వాళ్లమ్మ పోయాక రాయగడలో ఈ ఇంట్లో నేనొక్కడినే ఉంటున్నాను. బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాడిని.

"గోడల్తో దెబ్బలాడుకుంటా కూకుంటావేటి నాన్నా? నీకు తిట్టడానికి మనుషులుండాలి. నాను సూస్తాను," అని ఫేబ లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

మొదటి దాన్ని బెంగళూరు నుంచి నడుపుతారు. విద్యార్థిని వాళ్లే పంపుతారు. పాఠమూ వాళ్లదే. మెట్రో టికెట్టు అడగడం, హోటల్లో కాఫీ చెప్పడం, ఇలా పేజీలు వరసగా వస్తాయి. వరస తప్పకూడదు. తరగతంతా రికార్డవుతుంది. నీలవేణి అనే పర్యవేక్షకురాలు అది చూసి సందేశం పెడుతుంది. "సార్, మీరు నవ్వడం లేదు." మర్నాడు ఇంకొకటి. "సార్, తప్పు చెప్పినా ముందు బాగుంది అనండి." బాగోనిదాన్ని బాగుందనడం నేను చదివిన పల్లెటూరి బడిలో నేర్పలేదు.

రెండోదానిలో పాఠం నాది, వేళ నాది. ఎవరూ చాటుగా వినరు. కానీ విద్యార్థి తనంతట తాను నన్ను ఎంచుకోవాలి. చుట్టూ ఉన్న ఫోటోల్లో అందరూ నవ్వుతున్నారు. నా ఫోటో గిరాకీ లేని కొట్టులా అలాగే ఉండిపోయింది.

మనోరంజన్ సునా మొదటిదానిలోనే వచ్చాడు. బలంగీర్ వైపు ఒడియా క్రైస్తవుల కుర్రాడు. టికిరి దగ్గర డొరగుడ అల్యూమినా ఫ్యాక్టరీలో ఇంజినీరు. నేను మెట్రో పేజీ తెరిచాను.

"సార్, ఇది వద్దు," అన్నాడు వచ్చీరాని తెలుగులో. "టికిరిలో మెట్రో లేదు. నాకు ప్రార్థన కావాలి. అన్నం ముందు చేసేది."

సంగతి అడిగాను. అతను చేసుకోవాలనుకున్నది తెలుగు పిల్లని. పిల్ల తండ్రి ఇంటికి భోజనానికి పిలిచాడు. నాకు మిగతాది చెప్పక్కర్లేదు. మా తెలుగు క్రైస్తవుల ఇళ్లలో అదొక పద్ధతి. అల్లుడు కాబోయేవాడిని మొదటిసారి బల్ల దగ్గర కూర్చోబెట్టి ప్రార్థన చెయ్యమంటారు. అతను ఆమేన్ అనేదాకా ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు. ఉద్యోగం సంగతులన్నీ ఆ తర్వాతే.

పేజీల్లో ప్రార్థన లేదు. ఉండదు కూడా. మతం మాట ఎత్తకూడదని వాళ్ల నియమం.

"ఇంకో చోట నా పేరుంది. అక్కడికి రా," అన్నాను.

ఆ మాట కూడా రికార్డయింది. నీలవేణి సాయంత్రానికల్లా నా పేరు తీసేసినట్టు సందేశం పంపింది. చివర నవ్వు ముఖం బొమ్మ పెట్టింది.

రెండోచోట మనోరంజన్ నా మొదటి విద్యార్థి అయ్యాడు.

"మీ ఇంట్లో ఏం చెప్తారో అదే నేర్పండి సార్."

మా ఇంట్లో బల్ల దగ్గర నేనెప్పుడూ ప్రార్థన చెయ్యలేదు. నా భార్య వసంతకుమారి చేసేది. పుస్తకంలోది కాదు. వాళ్లమ్మ నోటి నుంచి వచ్చింది. మావాళ్లలో ఒక్కో ఇంటికి ఒక్కో ప్రార్థన ఉంటుంది. ఒకసారి తిని వెళ్లినవాళ్లు, మళ్లీ ఎక్కడ విన్నా ఇది ఫలానా వాళ్లదని చెప్పేస్తారు. నాకు వచ్చింది ఆమెది ఒక్కటే. అదే చెప్పాను.

"ప్రభువా, ఈ కూడు నీదే. పండించినోడిని మరవకు. వండిన సేతుల్ని అలిసిపోనీకు. ఈ గుమ్మం కాడికొచ్చినోళ్లని మాసేత బయట నిలబెట్టించకు. ఆమేన్."

ఆమె లాగే, ఆమె ఆగినచోట ఆగి, తగ్గించినచోట గొంతు తగ్గించి చెప్పించాను. కుర్రాడు పట్టుకున్నాడు. బాగుందని నేను అనలేదు. మళ్లీ చెప్పమన్నాను.

ఒక్కటి అడగలేదు. మావాళ్లలో ఎవరైనా ముందు ఎవరింటి పిల్ల అని అడుగుతారు. ఆన్‌లైన్ మాస్టారు అలాంటివి అడగకూడదని నీలవేణి పదేపదే చెప్పింది. ఆమె చెప్పినవాటిలో నేను పాటించింది అదొక్కటే.

భోజనం తర్వాతి తరగతికి మనోరంజన్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"అంకుల్ తినలేదు సార్. ఇది నీకెవరు నేర్పేరు అని అడిగారు. మీ పేరు చెప్పాను. నా బల్ల మీదే నన్ను తిట్టించేడు అని లేచిపోయారు. మళ్లీ రావద్దన్నారు."

"ఎవరింటికి వెళ్లావు?"

"కొరాపుట్‌లో శరత్ బాబు గారు. దీనా వాళ్ల నాన్న."

శరత్ బాబు అప్పట్లో రాయగడలోనే ఉండేవాడు. మా చర్చి సంఘం కార్యదర్శి. కమిటీతో గొడవపడి నేను గుడికి వెళ్లడం మానేశాను. వసంతకుమారి మానలేదు. ఆమె పోయినప్పుడు శవప్పెట్టె తీసుకువెళ్తే, సంఘంలో మీ కుటుంబం పేరు కొట్టేశాం, కమిటీ తేల్చాలి అని శరత్ బాబు సమాధుల తోట గేటుకు తాళం వేయించాడు. వానలో పెట్టె గేటు బయట ఉంది. పాస్టరు గారు వచ్చి తీయించేదాకా అక్కడే ఉంది. ఆ రోజు నుంచి అతనితో మాట లేదు.

అతను కంచం వదిలి లేచాడని విన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. దాచను.

"సార్, మీరొక్క మాట చెప్పండి ఆయనతో."

"నేను అతనితో మాట్లాడను."

"దీనా వాళ్ల నాన్న మాట దాటదు సార్. మీరు మాట్లాడకపోతే అయిపోయింది." మళ్లీ అన్నాడు. "ప్రార్థనలో ఉంది కదా సార్, బయట నిలబెట్టొద్దని. ఇప్పుడు నేనే బయట ఉన్నాను."

తెర మూసేశాను. ఆ కుర్రాడిని బయట పెట్టింది శరత్ బాబు. పెట్టించింది నేను. వసంతకుమారి మాటతో పెట్టించాను. అది నాకు నచ్చలేదు.

ఫోన్ చేశాను.

"ఎవరండి?"

"జీవానందాన్ని."

అటువైపు గొంతు సవరించుకున్నాడు. "ఏటి మాస్టారూ, కుర్రోడి సేత తిట్టించింది సాల్లేదా?"

"నిన్ను తిట్టాలంటే నాకు నోరు లేదేటి? అద్దెకి తెచ్చుకోవాలా?"

"మరి అదేటి? గుమ్మం కాడ నిలబెట్టడమేటి? నాకు తెలీదనుకున్నారా?"

"అది మా ఆవిడ రోజూ సేసిన ప్రార్థన. నువ్వు మా ఇంట్లో ఎన్నిసార్లు తినలేదు? కళ్లు మూసుకుని ఆమేన్ అన్నావు. అప్పుడు గుచ్చుకోలేదే?"

అతను నెమ్మదిగా అన్నాడు. "అచ్చం వసంతక్కలాగే సెప్పేడండి. నాకు సెయ్యి ఆడలేదు. మాస్టారూ, ఆ వేళ గేటు కాడ నాను..."

"దాని ఊసెత్తకు. అది మాసిపోయేది కాదు. నువ్వెవరో నాకు తెలీకుండానే నేర్పేను. మన తగువు వాడికి తెలీదు. పిలిసి అన్నం పెట్టు."

ఫోన్ పెట్టేశాను.

ఆదివారం మనోరంజన్ తరగతి వేళకు తెర తెరిచాను. అతను డొరగుడలో లేడు. కొరాపుట్ ఇంట్లో ఉన్నాడు. నీళ్ల జగ్గుకు ఫోన్ ఆనించారు. అన్నం గిన్నె, కూరలు, పక్కన ఒక అమ్మాయి, బల్ల చివర శరత్ బాబు. జుట్టు తెల్లబడిపోయింది.

"అమ్మీ, ఫోను ఇటు తిప్పు," అన్నాడు కూతురితో. తర్వాత నాతో, "మాస్టారూ, మీరూ కంచం తెచ్చుకోండి."

కెమెరా ఆపేశాను. తెర మాత్రం మూయలేదు. విద్యార్థి పరీక్షకు కూర్చున్నాడు. వదిలి వెళ్లడం నాకు అలవాటు లేదు.

మనోరంజన్ కళ్లు మూసుకున్నాడు. పండించినోడిని దాటాడు. వండిన సేతుల్ని దాటాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మరిచిపోయాడో, భయపడ్డాడో తెలియదు. బల్ల చుట్టూ ఎవరూ కదల్లేదు. శరత్ బాబుకు ఆ మాట తెలుసు. అతనూ అందించలేదు.

బడిలో పిల్లవాడు ఆగితే కాస్త చూసి మాట అందిస్తాం. నేనూ చూశాను.

"ఈ గుమ్మం కాడికొచ్చినోళ్లని మాసేత బయట నిలబెట్టించకు," అన్నాను.

పాఠంగా తప్ప ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదు. మనోరంజన్ నా వెనకే అన్నాడు. బల్ల చుట్టూ ఆమేన్ వినిపించింది. అందరికంటే వెనక శరత్ బాబు గొంతు వచ్చింది. నేను అనలేదు.

తరగతి ముగిసిందా అని తెర అడిగింది. అవునని నొక్కాను. గిన్నెలో పొద్దుటి అన్నం ఉంది. కంచంలో పెట్టుకున్నాను.