రింగులు మరిగే గిన్నె

పొయ్యి మీద గిన్నెలో రబ్బరు రింగులు మరుగుతున్నాయి. దేవమణికి ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టదు. నీళ్ళు తెర్లేకొద్దీ అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి లేస్తాయి, మునుగుతాయి, మళ్ళీ లేస్తాయి, అచ్చం తీర్థంలో రంగులరాట్నం ఎక్కిన పిల్లల్లాగా. పక్క పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది. కిటికీలోంచి అరకు మంచు అడక్కుండానే లోపలికి వచ్చి అన్నం ఆవిరితో కలిసిపోయింది. ఏది మంచో, ఏది ఆవిరో తెలియని ఆ తెల్లటి మసకలో నిలబడితే వంటిల్లు నేలను వదిలి కొంచెం పైకి లేచినట్టే ఉంటుంది. పెళ్ళయి ఈ కొండ ఎక్కినప్పటి నుంచి దేవమణికి ఇలాంటి ఆనందాలు రోజుకొకటి దొరుకుతూనే ఉన్నాయి. ఇవాళ్టికి ఇది.

"ఏటే గుంటా, అన్నం పక్కన ఆ గాజులేటి? బేగి తీసీ," అంది అత్తగారు నూకరత్నం, గుమ్మంలోంచి లోపలికి రాకుండానే.

"గాజులు కావత్తయ్యా, ఆస్పత్రి రింగులు. మరిగితేనే శుభ్రం. వీటిని చేతులకి వేసుకుని గుడికి వెళితే పాస్టరమ్మగారు ఏమంటారో!" అని దేవమణి పకపకా నవ్వింది.

"నవ్వు నాలుగిందాల సేటు," అని నూకరత్నం పక్కకి తిరిగింది. "ఆ నీల్ల కుండ దించీ. నాను ఎత్తలేను."

నూకరత్నం నవ్వగా చూసినవాళ్ళు ఆ మిషను కాంపౌండులో ఎవరూ లేరు. వయసులో ఉన్నప్పుడే బాప్తిస్మం పుచ్చుకుంది గాని, సముద్రం ఒడ్డున నూకాలమ్మకి మొక్కుకుని పెట్టిన పేరు మాత్రం మారలేదు. గుడిలో ఆడవాళ్ళందరూ ముందు చాపల మీద కూర్చుంటే ఆమె వెనక తలుపు దగ్గర నిలబడుతుంది, ఆఖరి కీర్తన అందుకోకముందే జారుకుంటుంది. రోజుకి రెండు మూడు చీరలు మారుస్తుంది. వాటిని తనే ఉతుక్కుంటుంది, కోడల్ని ముట్టనివ్వదు. నీళ్ళ కుండ, రుబ్బురోలు, బియ్యం బస్తా, బరువైనవన్నీ దేవమణివే. కాలేజీలో టెన్నిసు ఆడిన చేతులు కదా అని ఆమె మొదట్లో హుషారుగానే ఎత్తేది. ఒకరోజు నడుం పట్టేసినప్పుడు మాత్రం భర్తతో అంది. సువార్తరావు నవ్వేశాడు. "మా అమ్మకి బరువంటే ఒళ్ళు బద్ధకం, మణీ. ఎప్పట్నుంచో అంతే. నాన్న 'మా మహారాణీ' అని పిలిచేవారు. ఇక ఆ చీరల మడంటావా, బాప్తిస్మం నీళ్ళకి కూడా వదల్లేదు!"

ఆ మాటకి దేవమణి కూడా నవ్వింది. సువార్తరావు నోట్లోంచి వచ్చిన ఏ మాటకైనా ఆమెకి అప్పట్లో నవ్వొచ్చేది. అతను మిషను ఆస్పత్రికి ఒక్కగానొక్క డాక్టరు. ముక్కు మీద ఎప్పుడూ కాస్త సిరా మరక ఉంటుంది, అదెలా అంటుకుంటుందో అతనికే తెలియదు. కాన్పుల తరవాత ఆడవాళ్ళకి గర్భసంచి జారిపోయే జబ్బు మీద అతను పరిశోధన చేస్తున్నాడు. రింగు పెడితే ఎవరికి నిలుస్తుంది, ఎవరికి ఆపరేషన్ తప్పదు, రింగు పెట్టించుకున్నవాళ్ళు మళ్ళీ అడ్డాకుల మోపులెత్తితే ఏమవుతుంది అన్నవి తేల్చి విజయనగరంలో డాక్టర్ల సభలో చదవాలని అతని కోరిక. చిక్కల్లా ఒక్కటే. మగ డాక్టరు చెయ్యి వెయ్యబోతే కొండ ఆడవాళ్ళు బల్ల దిగి పారిపోయేవారు. అందుకని పెళ్ళయిన కొత్తలోనే, వెన్నెల వరండాలో కూర్చుని, అతను తన జేబురుమాలు సంచిలా మడిచి, రెండు వేళ్ళతో పట్టుకుని, అది ఎక్కడ వేలాడుతుందో, ఏ కండరం దాన్ని ఊయలలా మోస్తుందో, ఆ ఊయల తెగితే ఏమవుతుందో దేవమణికి నేర్పాడు. లోకంలో ఇంకే భర్తా భార్యకి ఇలాంటి ప్రేమపాఠం చెప్పి ఉండడనుకుని ఆమె ఆ రుమాలు ఉతక్కుండా దాచుకుంది.

అప్పట్నుంచి ఆస్పత్రిలో బల్లకి అడ్డంగా తెర కట్టారు. తెర ఇవతల దేవమణి. చూసేది, తడిమేది, కొలత చూసి రింగు అమర్చేది, దగ్గమని చెప్పి నిలుస్తుందో లేదో కనిపెట్టేది ఆమె. తెర అవతల సువార్తరావు ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకునేవాడు. సాయంత్రం అదే అతను పైకి చదివేవాడు: "నేను పరీక్షించాను. నేను అమర్చాను. నేను గమనించాను." ఒకసారి ఆమె నవ్వుతూనే అడిగింది, "ఆ 'నేను' ఎవరండీ?" అని. అతను ఆమె వేళ్ళు ముద్దుపెట్టుకుని, "నీ చేతులు నా చేతులు కావా, మణీ?" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఆమె మర్నాడంతా వలిసె పూల చేల మీద తేలిపోయింది. కూర మాడిపోయింది కూడాను. కాని ఎందుకో కూర మాడిన వాసన మాత్రం ఆ మాటకి అంటుకుని ఉండిపోయింది.

రింగులు చల్లారాక మూటకట్టుకుని ఆస్పత్రికి వెళ్ళేసరికి సోములమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. లోయ అవతలి కొండ మీది మనిషి. కిందటిసారి రింగు పెట్టించుకోడానికి వచ్చినప్పుడు తలెత్తి మాట్లాడలేదు. ఇప్పుడు కొప్పులో వలిసె పూలు పెట్టుకుని, నోటినిండా చుట్ట పొగతో, అంత దూరం నుంచే కేకేసింది.

"అమ్మగోరూ! నాను థింసా ఆడినాను!"

"అదేంటి సోములమ్మా, బరువులెత్తొద్దు, జాగ్రత్తగా ఉండమన్నానా?"

"బరువెత్తలేదమ్మా, కాలెత్తినాను!" తెర వెనక బల్ల ఎక్కుతూ కూడా సోములమ్మ నోరు ఆగలేదు. "డప్పు ఇన్నాక ఎలగాగతాను? మా మావ సూసి, ఇదెవత్తి కొత్త గుంట అన్నాడు. నీ పెళ్ళాన్నేరా ముసిలోడా అన్నాను. అందరూ నవ్వినారు. నాను నవ్వినాను. నవ్వేసి, అలవాటుగా కాలు మెలేసి నిలబడిపోనాను. ఏటీ లేదు! పొడిగుంది!" బల్ల ఊగిపోయేటట్టు నవ్వింది. "నీకేటి తెలుస్తాది గానీ అమ్మగోరూ, కడగొట్టుది పుట్టినకాణ్ణించి నవ్వు మానేసినాను. నవ్వితే సీర తడిసిపోతాది. దగ్గితే తడిసిపోతాది. కుండెత్తితే కిందకి జారిపోతాది. మా ఓల్లు నన్ను మూతిముడుపుదాయని పేరెట్టినారు. నవ్వు రాక కాదమ్మా. నవ్వు మింగి మింగి కడుపు నిండిపోనాది."

తెర అవతల్నుంచి "ఏమంటోంది?" అని సువార్తరావు అడిగాడు.

"బాగుందిట," అంది దేవమణి.

ఇంటికి నడిచే దారంతా మంచు. ముందు పదడుగులు కూడా కనబడవు. ఆ మంచులో దేవమణికి ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. గుడి తలుపు దగ్గర నిలబడ్డ మనిషి. దండెం మీద రోజూ ఆరే చీరలు. నీల్ల కుండ దించీ, నాను ఎత్తలేను. 'ఎత్తను' అనలేదు ఎప్పుడూ, 'ఎత్తలేను' అనే అంది. తుమ్ము వచ్చినప్పుడల్లా గుమ్మం పట్టుకుని కాళ్ళు మెలిపెట్టే ఆ నిలుపు. మహారాణీ. మడి పిచ్చి. ఒళ్ళు బద్ధకం. ఆ మాటలకి తనూ నవ్వింది కదా! ఎక్కడెక్కడి కొండల ఆడవాళ్ళో డోలీల్లో మోయించుకుని వస్తే చూసిన తన చేతులు, రోజూ తనతో కలిసి అన్నం తినే మనిషిని ఒక్కసారైనా చూడలేదు. ఇల్లు మంచులోంచి మెల్లగా తేలి వచ్చింది, కల చివర్లో తెలిసిన చోటులాగా.

మర్నాడు ఆమె గిన్నెలో ఒకే ఒక్క రింగు వేసి మరిగించింది.

"ఇయ్యాల ఒకటేనేటి? ఎవలికి?" అంది నూకరత్నం, గుమ్మంలోంచి.

దేవమణి వెనక్కి తిరగలేదు. "ఉన్నారత్తయ్యా ఒకరు. నవ్వితే చీర తడుస్తుందని నవ్వు మానేశారు."

గిన్నెలో రింగు ఒంటరిగా టకటకలాడుతోంది. తరవాత, ఆ వంటింట్లో ఎప్పుడూ గుమ్మం దాటి ముందుకి రాని మనిషి వచ్చి పొయ్యి పక్కన పీట మీద మెల్లగా కూర్చుంది.

"ఆడు పుట్టినప్పుడు," అంది. "అప్పుడు ఈ ఆస్పత్రి కడతన్నారు. పురుడు తీరకుండానే రాళ్ళు మోసినాను. జారిపోతంది అత్తా, ఒల్లు నా వశం లేదు అంటే, మా అత్త ఏటన్నాదో తెల్సా? మేం కనలేదేటి, కన్న మర్నాడు కోతకెల్లినాం, నువ్వేటి రాణివా అన్నాది. ఆ మాటే మీ మావగోరు పట్టుకున్నారు. సచ్చిపోయినదాకా రాణీ అనే పిలిసినారు." పొయ్యిలో నిప్పు సర్దింది. "ఆడికి సెప్పకే, మణీ. తల్లికి ఈ రోగం నా వల్లే వొచ్చినాదని ఆడు కుమిలిపోతాడు."

అత్తగారు తనని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. దేవమణికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "చెప్పనత్తయ్యా," అని ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. 

అత్తగారికి పెట్టిన మొదటి రింగు నిలవలేదు. చిన్నదైపోయింది. మరో కొలత అమర్చాక నిలిచింది. ఆ ఆదివారం నూకరత్నం ఆఖరి కీర్తన దాకా గుడిలో ఉంది. అందరూ చూశారు గాని ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. దండెం మీద చీరలు తగ్గాయి. సువార్తరావు అది కూడా చూడలేదు. అతను వ్యాసం ముగిస్తున్నాడు.

మునిమాపు వేళ అతను దీపం ముందేసుకుని ఆఖరి పేజీ చదివి వినిపించాడు. నూకరత్నం గుమ్మం దగ్గర చింతపండు గింజ తీస్తోంది. "ఈ జబ్బుకి మూలం కొండజాతి స్త్రీల మోటు జీవనమే. చదువూ శుభ్రతా అలవడిన క్రైస్తవ కుటుంబాలలో ఇది నాకు ఎక్కడా కనబడలేదు."

గుమ్మం దగ్గర చేతులు ఆగిపోయాయి. దేవమణి అటు చూడలేదు.

"ఆ మాట తీసెయ్యండి," అంది.

"ఎందుకు? నిజమేగా."

"మీకు కనబడలేదు. నాకు కనబడింది."

"ఎక్కడ? ఎవరికి?"

"చెప్పను."

"భర్తకి కూడానా?" అతను ముద్దుగానే అడిగాడు.

"తెర అవతలి డాక్టరుకి కూడా."

సువార్తరావు కలం కింద పెట్టాడు. "చూడు మణీ, ఇది శాస్త్రం. నేను చూడనిది, నువ్వొక్కదానివే చూసింది లెక్కలోకి ఎలా వస్తుంది?"

"మిగతావన్నీ ఎలా వచ్చాయో అలాగే. వాటిల్లో మీరు ఒక్కటి చూశారా?" దేవమణి గొంతు పెద్దది కాలేదు. ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇన్నాళ్ళ సంతోషం ఎక్కడికీ పోలేదు, ఇంకా లోపలే ఉంది. కాని దానికి ఇప్పుడు ఒక వెన్నెముక మొలిచింది. "నా చేతులు మీ చేతులే అన్నారు కదండీ. మరి నా చేతులకి తెలిసింది మీకెందుకు తెలియలేదు?"

సువార్తరావు తన రెండు అరచేతులూ దీపం వెలుగులోకి తెచ్చుకుని తిప్పి తిప్పి చూసుకున్నాడు, అవి ఎవరివో పోల్చుకుంటున్నట్టుగా. ముక్కు రుద్దుకున్నాడు. మరక బుగ్గ దాకా పాకింది.

గుమ్మం దగ్గర ఏదో పగిలినట్టు చప్పుడైంది. 

నవ్వు అది. మొదట బొంగురుగా, తుప్పు పట్టిన గొళ్ళెంలాగా వచ్చింది. నూకరత్నం చటుక్కున ఆగి, అలవాటుగా గుమ్మం పట్టుకుని, కళ్ళు మూసుకుని కాచుకుంది. ఏమీ జరగలేదు. కళ్ళు తెరిచి, కోడలి వంక చూసి, మళ్ళీ నవ్వింది. ఈసారి చింతపండు గింజలన్నీ ఒడిలోంచి జారి నేల మీద దొర్లిపోయాయి.

"అమ్మా," అన్నాడు సువార్తరావు లేచి నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ చప్పుడు విన్నవాడిలాగా. "నవ్వింది నువ్వా? ఎందుకు?"

"నవ్వొచ్చినాది, నవ్వినాను. దానికీ శాస్తరం కావాలేటి? కూకోరా," అంది నూకరత్నం, కళ్ళు తుడుచుకుంటూ. "కూకుని రాసుకో. నా కోడలు సెప్తాది."

దేవమణి కుర్చీ దీపం దగ్గరికి లాక్కుంది. కాగితాలన్నీ వెనక్కి తిరగేసి, మొదటి పేజీ అతని ముందు పెట్టింది.

"'నేను పరీక్షించాను' అన్నారు చూడండి," అంది. "అక్కణ్ణించి దిద్దుదాం."