సీజను గంట

డిసెంబరు వచ్చిందంటే చలికొండవలస చర్చిలో దేవుడికి తెలుగు రాదు. సాలూరు పైన కొండల్లో పొగమంచు చూడ్డానికి జనం ఎగబడతారు. వాళ్ళలో ఆదివారం ప్రార్థన మానలేని భక్తుల కోసం విజయనగరం నుంచి ధనరాజ్ పాస్టరుగారు గిటారుతో సహా దిగిపోతారు. జనవరి ఆఖరుదాకా అన్నీ ఇంగ్లీషులోనే. రాళ్ళు మోసి ఆ గుడి కట్టుకున్నవాళ్ళ బిడ్డలు మాత్రం ఆ రెండు నెలలూ ఎవరి పల్లెలో వాళ్ళు, ఎవరి వసారాలో వాళ్ళు మోకరించుకోవాలి.

దీనికి తలూపింది సంఘపెద్ద ఆదామే. ఆరేళ్ళ కిందట పాస్టరుగారు గుడికి కొత్త రేకులు వేయించి, "బ్రదర్ ఆదాము" అంటూ భుజం మీద చెయ్యేసి, ఒక నల్లకోటు ఇచ్చారు. ఆదాము ఉబ్బిపోయాడు. ఆ కోటేసుకుని గుడి గుమ్మంలో నిలబడి రిసార్టు గెస్టులకు గుడ్ మార్నింగులు చెబుతుంటే పెళ్ళాం సత్యవతి ఊరుకునేది కాదు.

"సూడండర్రా, మా దొరగారు కోటేసుకొని కావిలి కాస్తన్నారు!"

గుడి గంట సంగతి కూడా ఆదాము పుణ్యమే. అక్కడ మనిషి పోతే కబురు పంపరు. పోయినవాళ్ళ వయసెంతో అన్ని దెబ్బలు, ఆపి ఆపి కొడతారు. నాలుగు కొండల మీది జనం చేతిలో పని వదిలేసి లెక్కపెట్టుకుని, ఎవరో పోల్చుకుని, ఇంటికొకరు పలుగో పారో పట్టుకుని దిగుతారు. సీజనులోనేమో గెస్టులు ఫోటోల కోసం, వాళ్ళ పిల్లలు సరదాకి, ఆ తాడు లాగుతూనే ఉంటారు. మొదటి ఏడు జనం రెండుసార్లు పలుగులతో దిగి, సిగ్గుపడి వెనక్కి పోయారు. గెస్టులు బెదిరిపోయారని పాస్టరుగారు నొచ్చుకున్నారు. అంతే, ఆదాము ఇంటింటికీ తిరిగాడు.

"ఈ రెండు నెల్లూ గంట మనది కాదు. ఎన్ని మోగినా దిగకండి."

ఈ ఏడు చలికి గుండెల్లో కఫం పట్టి సత్యవతి మంచాన పడింది. శనివారం పొద్దు వాలుతుండగా మొగుడి చెయ్యి పట్టుకుంది.

"మావా, నాకు గంట కొట్టు. అరవై రెండూ కొట్టు, ఒక్కటీ తగ్గించకు. మనోళ్ళందరూ రావాల."

ఆమె కన్ను మూయగానే ఆదాము గుడికి పరిగెత్తాడు. లోపల గెస్టులు క్రిస్మస్ పాటలు పాడుతున్నారు. పాస్టరుగారు బయటికొచ్చి, విని, నిజంగానే బాధపడ్డారు.

"ఇప్పుడొద్దు బ్రదర్, అందరూ పండగ మూడ్‌లో ఉన్నారు. రేపు పదింటికి సర్వీసుకు ఎలాగూ కొట్టాలి కదా? అప్పుడు కావలసినన్ని కొట్టుకోండి."

సిగ్గులేని మాట. అంతకన్నా సిగ్గులేనిది, ఆదాము దానికి "థాంక్యూ సార్" అనడం.

మర్నాడు పదింటికి ఆదాము తాడు పట్టుకున్నాడు. కళ్ళు కారుతున్నా లెక్క తప్పలేదు. గెస్టులు సెల్‌ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు. అరవై రెండో దెబ్బ ఆగగానే చప్పట్లు కొట్టి లోపలికి పోయారు.

ఆదాము కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక్కరూ దిగలేదు. ఊళ్ళో ఉన్న నాలుగిళ్ళ వాళ్ళూ శనివారం నుంచీ రిసార్టు డ్యూటీల్లోనే ఉన్నారు. మధ్యాహ్నం దాటింది. వసారాలో బల్ల మీద సత్యవతి అలాగే ఉంది, గొయ్యి ఇంకా తవ్వలేదు.

అప్పుడు దిగింది కృపారాణి, సత్యవతి చెల్లెలు. ఏడవడానికి కాదు, గెస్టులకు అమ్ముకోడానికి కొండచీపుళ్ళ మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. బల్ల చూసింది. మోపు కింద పడింది.

"అరవై రెండు నాను లెక్కెట్టినాను బావా!" అంటూ గుండెలు బాదుకుంది. "మా అప్ప ఈడే కదా అని దడ పుట్టినాది. మళ్ళీ నువ్వు సెప్పిన మాటే గుర్తొచ్చినాది. సీజను గంటేలే అనుకొని కూకొని సీపుళ్ళు కట్టినాను!"

ఆదాము కోటు విప్పాలని కూడా తోచక, పలుగు తీసుకుని సమాధుల దిబ్బ వైపు నడిచాడు.

"ఒక్కడివే ఏటి తవ్వుతావు? ఉండు, గంట కొట్టి మనోళ్ళని పిలుస్తాను." కృపారాణి గుడి వైపు పరిగెత్తబోయింది.

"కొట్టకే," అన్నాడు ఆదాము, పలుగు దింపుతూ. "ఎవులూ రారు."