తూర్పు రెక్క మీద నీలం

"కింద నీలం, పైన ఎరుపు. అంతేగా?" అన్నాడు భర్త, బనీనుతో అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ.

ఆమె అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. "అంతే కాదండీ. ఎందుకలా అని ఇవాళ మీటింగులో ఎవరైనా అడిగితే చెప్పాలిగా. బస్టాండు పైకప్పంతా ఒకటే వంపు. దాన్ని రెండువేల నూట ఆరు అద్దపు పలకలుగా కోశాం. ఒక్కో పలకకీ నడిమధ్య చుక్క పట్టుకుని, అది నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో సాఫ్ట్‌వేర్‌ని అడుగుతాం. అన్నిట్లోకీ తక్కువ ఎత్తుని సున్నా అనుకుంటాం, అన్నిట్లోకీ ఎక్కువదాన్ని ఒకటి అనుకుంటాం. మిగతావన్నీ ఆ రెంటి మధ్యలో ఎక్కడో పడతాయి. ఆ అంకెల్ని గ్రేడియెంట్‌కి, అంటే రంగుల పట్టీకి ఇస్తే సున్నాకి నీలం, ఒకటికి ఎరుపు, మధ్యలో ఆకుపచ్చ, పసుపు, నారింజ వరసగా వచ్చేస్తాయి."

"అబ్బా, అంత ఎవరడుగుతారు? కింద నీలం, పైన ఎరుపు. చాలు. ఆ చేతుల దగ్గర ముడతలు చూడు, అందరి ముందూ నిలబడేది నేను."

ఆమె చొక్కా చేతుల మీద ఇంకోసారి ఇస్త్రీపెట్టె నడిపింది. వంటింట్లో కుక్కరు రెండో కూత వేసింది. హాల్లో మామగారు ఖాళీ కప్పుని బల్ల మీద టకటకలాడించారు. రెండో టీ కావాలని ఆయన నోరు తెరిచి అడగరు, కప్పు చేత అడిగిస్తారు.

ఇద్దరూ ఒకే కాలేజీలో ఒకే ఏడు ఆర్కిటెక్చర్ చదివారు. మార్కులు ఆమెకే ఎక్కువ, కానీ ఆ ఇంట్లో ఆ సంగతి ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. తొమ్మిదేళ్లుగా ఒకే ఆఫీసులో పని చేస్తున్నారు. ఒకే కారులో వెళ్తారు, ఒకే కారులో వస్తారు. గుమ్మం దాటగానే అతను సోఫాలో వాలతాడు, ఆమె చెప్పులు విప్పి అటునుంచటే వంటింట్లోకి పోతుంది. "పాపం, మా వాడు అలిసిపోయి వచ్చాడు," అంటారు అత్తగారు. కోడలు ఎలా వచ్చిందో ఎవరూ అనరు. ఆమె ఊరికే వస్తుంది, అంతే.

ఇప్పుడు చేస్తున్నది కొత్త బస్టాండు పైకప్పు. రూపం అతనిది. తెర మీద నాలుగు గీతలు లాగి, రెక్కలు చాచిన పక్షిలా ఉండాలన్నాడు. ఆ పక్షిని పలకలుగా కోసి, ఏ రెండూ ఒకేలా లేని రెండువేల పైచిలుకు పలకలకి ఒక్కోదానికీ కొలతా, ఎత్తూ, నంబరూ వచ్చేలా చేసింది ఆమె. తెర నిండా చిన్నచిన్న డబ్బాలు, వాటి మధ్య చిక్కుపడ్డ దారాల్లాంటి తీగలు, ఏ డబ్బాలో ఏ లెక్క నడుస్తోందో ఆఫీసు మొత్తమ్మీద ఆమెకొక్కదానికే తెలుసు. రూపంలో ఒక్క గీత కదిలిస్తే పలకలన్నీ వాటంతటవే మారి, వాటి రంగులూ మారిపోతాయి. రంగులెందుకంటే, రెండువేల అంకెలు ఎవరూ చదవరు కనక. రంగైతే ఒక్క చూపులో అర్థమవుతుంది.

ఆ రంగుల వల్లే ఆమెకి పేరొచ్చింది. పెట్టింది భర్తే. మొదటి మీటింగులో ఆఫీసు పెద్దసారుకి బొమ్మ చూపిస్తూ, "డిజైన్ నాది సార్, రంగులేసింది మా ఆవిడ. చిన్నప్పుడు బొమ్మల పుస్తకానికి వేసినట్టు, గీత దాటకుండా భలే వేసింది!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది. మర్నాటి నుంచి అతను "రంగులమ్మా!" అని పిలవడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి నిన్నగాక మొన్న చేరిన పిల్లలు కూడా, "రంగులమ్మ గారూ, ప్రింటరులో కాగితం అయిపోయింది," అంటూ ఆమె దగ్గరికొచ్చారు. కాగితం పెట్టే పని ఎవరిది అని ఆమె అడగలేదు. లేచి పెట్టింది. కుర్చీలోకి తిరిగొచ్చాక చాలాసేపు ఏ తీగ ఎక్కడ కలపాలో తోచలేదు.

పదకొండు రోజుల క్రితం తూర్పు రెక్కలో ఒక మడుగు ఆమె కంట పడింది.

బొమ్మలో ఇంకా అందంగా కనపడాలని భర్త తూర్పు రెక్కని చేత్తో కొంచెం లాగాడు, ఆమెకి చెప్పకుండానే. పైకి ఏమీ తేడా లేదు. పైకప్పు ఆరు మీటర్ల నుంచి పద్నాలుగు మీటర్ల దాకా లేస్తుంది. అంత ఎత్తుకి నీలం నుంచి ఎరుపు దాకా పరిచేస్తే, మధ్యలో జానెడు పల్లం ఉన్నా కంటికి ఆనదు, అంతా పసుపుగానే ఉంటుంది. ఆమెకి మాత్రం అక్కడి నంబర్లు ఎందుకో నచ్చలేదు. గ్రేడియెంట్ హద్దులు రెండూ దగ్గరికి లాగింది. కింది హద్దు తొమ్మిది మీటర్లు, పై హద్దు తొమ్మిదిన్నర. అంతే, ఎర్రటి రెక్క నడుమ నల్లగా కమిలినట్టు నీలం మడుగు తేలింది. నలభై మూడు పలకలు. చుట్టూ గట్టు, మధ్యలో పళ్లెం. వాన పడితే నీళ్లు అందులో చేరి కదలవు. ఆ బరువు మోయడానికి ఆ అద్దపు పలకలు చెయ్యలేదు. వాటి కిందే జనం బస్సుల కోసం కూర్చునే బెంచీలు.

ఆమె ఆ రోజే చెప్పింది. "నువ్వు రంగులు చూసుకో. రూపం నేను చూసుకుంటాను," అన్నాడు అతను తెర వైపు చూడకుండానే. రెండోసారి ఇంట్లో అన్నం వడ్డిస్తూ చెప్పింది. అత్తగారు అందుకున్నారు. "వాణ్ణి కాస్త ప్రశాంతంగా తిననివ్వవే అమ్మాయ్. మగవాడు పెద్ద పెద్ద కట్టడాలతో తల బద్దలు కొట్టుకుంటుంటే మధ్యలో నీ రంగుల గోలేమిటి?" అతను తల్లి మాటకి నవ్వుతూ ఇంకాస్త కూర వేయించుకున్నాడు. మూడోసారి కారులో చెప్పింది. ఈసారి అతను బండి పక్కకి తీసి ఆపాడు. "చూడు. ఆ పల్లం సంగతి నాకూ తెలుసు. తీసేస్తే ఆ అందం పోతుంది. ఈ మీటింగు అయితే పెద్దసారు నన్ను భాగస్వామిగా తీసుకుంటారు. ఆ తర్వాత మెల్లగా సర్దుదాం. అందాకా ఆ పాత హద్దులే ఉంచు, ఆ ఊసెత్తకు."

అతనికి తెలుసు! ఇన్నాళ్లూ, తను చెప్పేది ఆయనకి అర్థం కావట్లేదేమో, తనే సరిగ్గా చెప్పట్లేదేమో అనుకుని, ఇస్త్రీ చేస్తూ, కూరలు తరుగుతూ, ఇంకా సులువైన మాటల కోసం వెతుక్కుంది. అతనికి మొదటిరోజే అర్థమైంది. అర్థమయ్యే నోరు మూయించాడు. ఆ మాట ఆమెలోపల ఎక్కడో దిగి, అక్కడే గడ్డకట్టింది. ఏడుపు రాలేదు. ఆమెకే ఆశ్చర్యమేసేంత చల్లగా, తీరిగ్గా ఆలోచన సాగింది. పలకలు కోసే ఫ్యాక్టరీకి ఫైళ్లు ఇంకా వెళ్లలేదు. మీటింగు అయ్యాక గానీ వెళ్లవు. అంటే అప్పటిదాకా ఎవరి ప్రాణానికీ వచ్చిన ముప్పు లేదు. ఆ సంగతి రెండుసార్లు నిర్ధారించుకున్నాకే ఆమె పగని లోపలికి రానిచ్చింది. పెద్దసారు గది ఆమె బల్లకి పది అడుగుల దూరం. రోజుకి నాలుగైదుసార్లు ఆ తలుపు ముందు నుంచే నడిచింది. ఒక్కసారీ ఆగలేదు.

ఆ ఉదయం మీటింగు గదిలో పద్నాలుగుమంది. బస్టాండు కట్టిస్తున్న సంస్థ పెద్దలు, వాళ్ల తరఫున ఒక ముసలి ఇంజనీరు, పెద్దసారు, ఆఫీసు వాళ్లూ. ఎప్పట్లాగే భర్త నిలబడ్డాడు, ఆమె మూల కంప్యూటరు ముందు కూర్చుంది. అతను మాట్లాడతాడు, ఆమె బొమ్మ తిప్పుతుంది. అతను ఎక్కడైనా తడబడితే ఆమె చప్పుడు చెయ్యకుండా తెర మీద బాణం గుర్తుని సరైన చోటికి జరిపి అందిస్తుంది. చూసేవాళ్లకి అతను అనర్గళంగా మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

"కింద నీలం, పైన ఎరుపు," అన్నాడు అతను చేతులు చాచి. "నీటి నుంచి నిప్పులోకి ఎగిరే పక్షి!"

సంస్థ పెద్దలు తలలూపారు. ముసలి ఇంజనీరు మాత్రం కళ్లద్దాలు తుడుచుకుంటూ, "పక్షి సరే నాయనా, వాననీళ్లు ఎటు పోతాయి?" అన్నాడు.

"ఎరుపు నుంచి నీలానికి జారిపోతాయండీ. ఎక్కడా ఆగవు."

ఎక్కడా ఆగవు! తడుముకోకుండా అన్నాడు. అందాకా ఆమెలో ఏ మూలో ఇంకా బెరుకుండేది. ఆ మాటతో అదీ పోయింది.

"తూర్పు వైపు కాస్త దగ్గరగా చూపించమ్మా," అన్నాడు ఇంజనీరు.

ఆమె తూర్పు రెక్కని దగ్గరికి తెచ్చింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, హద్దులు రెండూ జరిపింది. తొమ్మిది. తొమ్మిదిన్నర. గోడంత తెర మీద నీలం మడుగు కళ్లు విప్పింది.

భర్త నవ్వాడు. "అరే, ఎక్కడో రంగు తప్పు పడినట్టుంది. రంగులమ్మా, కాస్త సరిచెయ్యి."

ఆమె లేచి నిలబడింది. ఆ గదిలో తొమ్మిదేళ్లలో ఆమె లేవడం టీ కప్పులు అందించడానికి తప్ప ఇదే మొదలు.

"రంగు సరిగ్గానే ఉందండీ," అంది. "ఎత్తే తప్పు."

ఇంజనీరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఎంత లోతు?" అని భర్తని అడిగాడు. "ఎన్ని పలకలు? నీళ్లు నిలిస్తే బరువెంత?" భర్త తెర వైపు చూశాడు, బాణం గుర్తు ఎక్కడికి జరుగుతుందా అని. అది జరగలేదు. ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసేసి, రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. అతని మెడ మీద చెమట పుట్టడం, జేబురుమాలు కోసం తడుముకోవడం ఒక్కటీ వదలకుండా చూసింది. జాలి వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది కూడా. రాలేదు.

"లోతు జానెడు. పలకలు నలభై మూడు," అంది చివరికి. నీటి బరువెంతో, అద్దం ఎంత మోయగలదో, ఏ చుక్కలు ఎంత పైకి లేపితే నీళ్లు జారిపోతాయో ఒక్క కాగితం చూడకుండా చెప్పుకుపోయింది. ఇంజనీరు రాసుకున్నాడు. రాయడం ఆపి, "ఇది నీకెప్పట్నుంచి తెలుసమ్మా?" అన్నాడు.

"పదకొండు రోజులు. మూడుసార్లు చెప్పాను."

"ఎవరికి?"

ఆమె భర్త వైపు చూసింది. మిగతా అందరూ అటే చూశారు.

అందరూ వెళ్లాక పెద్దసారు ఆమెని గదిలోకి పిలిచాడు. ముఖం కందగడ్డలా ఉంది. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు? నా పరువు కూడా తీశావు కదా!"

"చెబితే మీరు ఆయన్ని పిలిచి తలుపు వేసుకుని మందలించేవారు సార్. బయటికొచ్చాక నేను మళ్లీ రంగులమ్మనే. నలుగురిలో పెట్టిన పేరు కదా, నలుగురిలోనే తీసెయ్యాలనుకున్నాను. అది నా తప్పైతే తప్పే. ఉద్యోగం తీసేస్తానంటే తీసెయ్యండి."

పెద్దసారు చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. ఆ ఫైలు ఇంకొకరు తెరిచి నడపలేరని అతనికి తెలుసు. అతనికి తెలుసన్న సంగతి ఆమెకీ తెలుసు. "వాళ్ల ఇంజనీరు నీతోనే మాట్లాడతానంటున్నాడు," అన్నాడు ఎట్టకేలకు. "ఇకనుంచి ఈ పని నువ్వే చూడు. మీ ఆయన్ని వేరే చోటికి మారుస్తాలే, నీకు ఇబ్బంది లేకుండా."

"వద్దు సార్," అంది ఆమె వెంటనే. "మార్చొద్దు. నా కింద ఉండనివ్వండి."

ఇంటికి వెళ్లేసరికి కబురు ముందే చేరింది. "కట్టుకున్నవాణ్ణి పదిమందిలో నిలబెట్టి కడిగేశావటగా!" అన్నారు అత్తగారు గుమ్మంలోనే.

"మీ అబ్బాయి నన్ను రోజూ చేస్తున్నదే, అత్తయ్యా. నేను ఒక్క పూట చేశాను," అని ఆమె చెప్పులు విప్పింది. మొదటిసారి సోఫాలో కూర్చుంది. చాలా మెత్తగా ఉంది. ఇంత మెత్తగా ఉంటుందని తెలియక తొమ్మిదేళ్లు దాని గలీబులు మాత్రం ఉతికింది. హాల్లో కప్పు టకటకలాడింది. ఆమె కదల్లేదు. కాసేపటికి మామగారు తనే లేచి వంటింట్లోకి వెళ్లి, పంచదార ఎక్కడుందని గొంతెత్తి అడిగారు. పై అర అని కూర్చున్నచోటు నుంచే చెప్పింది. భర్త ఆ రోజు భోజనం మానేశాడు. ఆమె కడుపునిండా తింది, రెండోసారి వడ్డించుకుని మరీ తింది.

రెండు రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం, "ఇంట్లో చెబితే సరిపోయేదిగా," అన్నాడు గోడ వైపు తిరిగి. "ఇంట్లో చెప్పిందే అదండీ," అని ఆమె దుప్పటి లాక్కుంది.

సోమవారం ఆమె ముందే బస్సులో వెళ్లిపోయింది. అతను వచ్చేసరికి కిటికీ పక్క పెద్ద బల్ల ముందు కూర్చుని తూర్పు రెక్క చుక్కలు ఒక్కొక్కటే పైకి లేపుతోంది. మడుగు అంచులు ఆకుపచ్చకి తిరుగుతున్నాయి. అతను కారు తాళాలు చేతిలో తిప్పుకుంటూ కాసేపు దూరంగానే నిలబడి, మెల్లగా బల్ల దగ్గరికి వచ్చాడు. గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

ఆమె ఫైలు సేవ్ చేసి పక్క కుర్చీ లాగింది. పెళ్లైన నాటి నుంచి ఏ మాట చివరైనా దానంతటదే వచ్చి అతుక్కునే 'అండి' ఈసారీ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపేసింది.

"కూర్చో," అంది.