చివరి చరణం

సత్యరాజు పాట ఎత్తుకుంటే అవతలి పేట మరోదాలో కాకులు లేచిపోతాయని భార్య డోర్కాస్ అంటుంది. అబద్ధమేమీ కాదు. స్టీల్ ప్లాంటు ప్లేట్ మిల్లులో ఏళ్ళ తరబడి క్రేన్ నడిపిన మనిషి, ఆ హోరులో మాట వినపడాలంటే అరవాల్సిందే. ఆ అలవాటు దేవుడి దగ్గర కూడా పోలేదు. పైగా చరణం రెండో పాదంలో, సరిగ్గా మాట మధ్యలో, గట్టిగా ఊపిరి తీస్తాడు. అంత గొంతుకు ఎదురు చెప్పేదెవరు? పోను పోను ఆ హిందీ ఊళ్ళోని తెలుగు చర్చి మొత్తం అక్కడే ఊపిరి తీయడం నేర్చుకుంది.

ఆ చర్చిలోని పియానోను ఎప్పుడో స్టీల్ ప్లాంటు పనికి వచ్చిన ఒక రష్యన్ ఇంజనీరు కుటుంబం వెళ్తూ వెళ్తూ ఇచ్చిపోయింది. సత్యరాజు కూతురు జాయ్ కాళ్ళు పెడల్‌కి అందని వయసులోనే దాని ముందు కూర్చుంది. నాన్న ఊపిరి కోసం ఆగడం ఆమె మొదటి పాఠం. చివరి చరణం రాగానే చేతులు తీసి ఒళ్ళో పెట్టుకోవడం రెండోది. ఆ చర్చి పద్ధతి అది. పియానో ఆగగానే అందరూ లేచి నిలబడి, చివరి చరణం ఉత్త నోటితో పాడతారు. దేవుడికి ఆఖరున ఇవ్వాల్సింది సొంత గొంతేనని పాత పాస్టరుగారు పెట్టిన నియమం.

ఆ జాయ్ ఇప్పుడు పేరున్న పియానిస్టు. చెన్నైలో నేర్చుకుంది, వియన్నాలో నేర్చుకుంది, పోలండ్‌లో బహుమతి కొట్టింది. ఆ బహుమతి వీడియోను సత్యరాజు తాముండే క్యాంప్ 2 బస్తీలో కూరగాయలవాడిని కూడా నిలబెట్టి చూపించాడు. ఆయనకు తెలియనిది ఒక్కటే. కిందటి చలికాలం ప్రాగ్‌లో, నిండు సభలో, వాయిస్తూ వాయిస్తూ జాయ్ మరిచిపోయింది. తర్వాత ఏం వాయించాలో చేతులకు తెలియలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మళ్ళీ వేదిక ఎక్కలేదు.

ఇంటికొచ్చి నాన్నకు సెలవులని చెప్పింది. వంటింట్లో చింతపండు పిసుకుతున్న అమ్మ వీపుకు తల ఆనించి, ఆమెకు మాత్రం నిజం చెప్పింది.

"వచ్చే నెల కలకత్తాలో కచేరీ ఉందమ్మా. ముందు మన చర్చిలో వాయిస్తా. ఇక్కడ కూడా చేతులు ఆగిపోతే ఇంక బస్, మానేస్తా. పిల్లలకి నేర్పుకుంటూ ఉండిపోతా."

మొగుడి దగ్గర ఏదీ దాచలేని డోర్కాస్ ఈ ఒక్క మాటను కడుపులో పెట్టుకుని, ఆ వారమంతా కూరల్లో ఉప్పు మరిచిపోయింది.

ఆదివారం సాయంత్రం చర్చి నిండిపోయింది. ముందు వరసలో ప్లాంటు ఆఫీసర్లు, వెనక క్యాంప్ 2 నుంచి ఆటోల్లో వచ్చిన ఆడవాళ్ళు. జాయ్ ఎంచుకున్నది ఒక పాత జర్మన్ కీర్తన బాణీ మీద అల్లిన పెద్ద రచన. ఆ బాణీనే ఎప్పుడో మిషనరీలు తెలుగు పాటకు కట్టారు కాబట్టి ఇక్కడ అందరికీ కంఠతా వచ్చు. అందుకే ఎంచుకుంది పిచ్చిపిల్ల.

మొదట్లో బాగానే సాగింది. తర్వాత ఒక ముక్క రెండుసార్లు వినిపించింది. డోర్కాస్‌కు సంగీతం తెలియదు గానీ కూతురి మెడ తెలుసు. ఆ మెడ బిగుసుకుంది. అదే ముక్క మూడోసారి వచ్చింది. అంతే, ఆగిపోయింది. జాయ్ చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ప్రభువా, నా బిడ్డ అనుకుంది డోర్కాస్. అంతకుమించి ప్రార్థన రాలేదు.

పక్కన కుర్చీ కిర్రుమంది. సత్యరాజు లేచి నిలబడ్డాడు. పియానో ఆగింది, పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుంది, ఇంకేం కావాలి ఆయనకు? డోర్కాస్ భయపడి చొక్కా పట్టుకుని లాగింది.

"ఏటే, లెగు," అని గొంతెత్తి చివరి చరణం అందుకున్నాడు.

క్యాంప్ 2 ఆడవాళ్ళు లేచారు. ముసలివాళ్ళు చేతికర్రలు వెతుక్కుని లేచారు. విషయం తెలియని ఆఫీసర్లు, జాతీయగీతానికి లేచినట్టు, చేతులు కిందికి చాపి నిలబడ్డారు. డోర్కాస్ కూడా లేచింది.

రెండో పాదంలో, మాట మధ్యలో, సత్యరాజు ఊపిరి తీశాడు. చర్చంతా ఊపిరి తీసింది. ఆ ఖాళీలోకి పియానో వచ్చింది. ముందు మెల్లగా, పాట అడుగున నడుస్తూ. చరణం అయిపోయాక జాయ్ ఒక్కతే ముందుకు సాగింది. చివరిదాకా వాయించింది. అంతసేపూ ఎవరూ కూర్చోలేదు.

బయట సమోసాల దగ్గర సత్యరాజును పట్టుకోలేకపోయారు. ఎన్ని దేశాలు తిరిగినా తన కూతురు చర్చి పద్ధతి మరవలేదని దొరికినవాళ్ళందరికీ చెప్పాడు. డోర్కాస్ తల దించుకుని టీ తాగింది.

ఇంటికొచ్చి అన్నాలు తింటుంటే జాయ్ నోరు విప్పింది.

"నేను కావాలని ఆపలేదు నాన్నా. సచ్‌ మే, నిజంగానే మర్చిపోయాను." ప్రాగ్ సంగతి కూడా చెప్పేసింది.

సత్యరాజు చెయ్యి కంచంలో ఆగిపోయింది. భార్య వంక చూశాడు. ఆమె తలూపింది.

"కలకత్తాలో మళ్ళీ మర్సిపోతే ఎలాగమ్మా? లెగిసి పాడ్డానికి అక్కడ మేం ఉండం కదా," అన్నాడు.

"ఆ చరణం ఇంకోసారి పాడు నాన్నా. నువ్వు ఊపిరి తీసే చోటు నా వేళ్ళకి గుర్తుండాలి. కలకత్తాలో కూడా అక్కడ ఆగుతా."

సత్యరాజు సిగ్గుపడ్డాడు. "అది తప్పు చోటమ్మా. నాకు తెల్దేటి? దమ్ము సాలక తీస్తాను."

"తెలుసు. నాకు అక్కడే దారి దొరికింది."

ఆయన ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని పాడాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నెమ్మదిగా పాడాడు. జాయ్ వేళ్ళు బల్ల అంచు మీద కదిలాయి. ఆ చోటు రాగానే ముగ్గురూ ఊపిరి తీశారు.