సాలవ్వ మీద సమీక్ష

నోట్లో మిగిలిన పండ్ల మీద ఒట్టు, బిడ్డా. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా అవి ఇప్పుడే ఊడి నీ ఒళ్ళో పడాలె. నిరుడు ఇంకా చాలా ఉండేవి, అది వేరే ముచ్చట.

ఎల్లారెడ్డిలో మా వాడకట్టు ఆడవాళ్ళమంతా పొద్దున వంటలు కాగానే నిరోష ఇంటి అరుగు మీదికి చేరేవాళ్ళం. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తమాకు డబ్బా. చేతులు బీడీలు చుడుతుంటే చెవులకు పనుండదు కదా. ఆ చెవుల్లో నిరోష పుస్తకాలు చదివి పోసేది.

నిరోషది పుస్తకాల మీద సమీక్షలు రాసే పని. ఆఫీసు లేదు, నెల జీతం లేదు. హైదరాబాదులో ఆదివారం పేజీలు చూసేవాళ్ళు కొత్త పుస్తకాల మూట పంపితే అది కామారెడ్డి మీదుగా బస్సులో వచ్చేది. నిరోష చదివి, బాగోగులు రాసి పంపేది. మధ్యమధ్య ఎవరి షష్టిపూర్తికో జీవిత చరిత్ర, ఏ లీడరుకో ఉపన్యాసం కూడా రాసిచ్చేది. ఒక్కో మూట ఎంత బరువంటే, దించగానే బస్సు జానెడు పైకి లేచేది.

చదివేటప్పుడు ఆమెకు ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను మా చాటల మీద. పుస్తకంలో నిజమైన మాట తగిలిందంటే ఎండిన తునికాకు చాటలోనే పచ్చబడేది. ఉత్త మాటలైతే ఎండినట్టే ఉండేది. మూడో కథ దగ్గర పచ్చబడితే మూడో కథ బాగుందని రాసేది.

"మీ అంచనా ఎప్పుడూ తప్పదేమండీ?" అని పేజీ చూసే పెద్దమనిషి ఫోన్‌లో అడిగితే, "మా దగ్గర ఆకు మంచిది సార్," అనేది.

మాకు మాత్రం మంచి పుస్తకమంటే హడల్. పచ్చాకుతో చుట్టిన బీడీలను కార్ఖానాలో ఏరి అవతల పారేస్తారు.

"ఇయ్యాల మంచిది తియ్యకే నిరోషా. రేపు మాల్ అప్పజెప్పాలె," అని గంగమణి గదుమ పట్టుకొని బతిమాలేది.

"గా పేరు ముందట బిరుదులున్నాయన పుస్తకం సదువు. పోయినసారి ఎంత సుఖంగుండె! ఆకు కిర్రుమనలే, కుయ్యిమనలే," అనేది సాలవ్వ.

సాలవ్వది నిరోషకు పక్కిల్లే. ఆమె తుమ్మితే కామారెడ్డి స్టేషన్‌లో రైళ్ళు ఆగేవి. అంత గొంతు.

ఎవరెవరి మాటలకో పచ్చబడిన ఆకు నిరోష సొంత రాతకు ఒక్కనాడూ కదలలేదు. ఒకసారి తను రాసుకున్న కథ తీసి, గొంతు సవరించుకొని, మధ్యాహ్నమంతా చదివింది. ఆకు ఇంకా ఎండి చిటపటలాడింది. సాలవ్వంతటిది కూడా తల వంచుకొని బీడీలు చుట్టిందంటే అరుగు ఎంత బరువెక్కిందో చూసుకో. లోకం రాతలో తప్పొప్పులు చెప్పే మనిషికి తన రాతలో ప్రాణం లేదని తెలిస్తే ఆ అన్నం ఎట్లా మింగుడు పడుతుంది?

నిరోష తమ్ముడు మహిపాల్ కామారెడ్డిలో ఒక బట్టల దుకాణంలో ఆమెకు పని మాట్లాడి వచ్చాడు.

"అక్కా, సోమవారం నుంచి రమ్మన్నరు. నేనే బండి మీద తీస్కపోత. ఇగ ఈ రాసుడు బందు వెట్టు."

"పెడత," అంది నిరోష. మూట విప్పకుండానే పుస్తకాలను బస్సులో వెనక్కి పంపేసింది.

అంతలోనే సాలవ్వ పోయింది. మంచం పట్టలేదు, మందు మింగలేదు. అన్నం కలుపుకుంటూ పక్కకు ఒరిగింది. దినాలు ఆ సోమవారానికి ముందటి ఆదివారం పెట్టుకున్నారు. మా దగ్గర ఇప్పుడు దినాలంటే ఫ్లెక్సీ ఉండాలె కదా. కొడుకు భీమేష్ వచ్చాడు.

"అమ్మ బొమ్మ కింద నాలుగు మాటలు రాసియ్యి అక్కా. నువ్వు కామారెడ్డి పనికి పోయేముందు ఇదొక్కటి."

నిరోష రాసి, ఫ్లెక్సీ వాళ్ళకు పంపేముందు అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టింది. సాలవ్వ కోడలు రూత్, అత్త చాటను తెచ్చి అత్త కూర్చునే చోటనే పెట్టింది. ఆమె ఆఖరిసారి కత్తిరించిన ఆకు అందులో ఎండి ముడుచుకుపోయి ఉంది.

నిరోష చదివింది: "సాలవ్వ చుట్టిన బీడీలు సన్నగా, అన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. మనిషి కష్టజీవి. అయితే కొన్ని లోపాలు చెప్పక తప్పదు."

అందరి చేతులూ ఆగిపోయాయి.

"లోపాలేందే?" అంది గంగమణి. "సచ్చినామెకు మార్కులేస్తున్నవా? ఫ్లెక్సీ మీద ఎవలన్న తప్పులు రాస్తరా?"

నిరోష నాలుక కరుచుకుంది. ఇన్నేళ్ళ అలవాటు. ముందు మెచ్చుకోలు, తర్వాత 'అయితే', ఆ తర్వాత లోపాలు. చెయ్యి తెలిసిన తోవనే పోయింది. సిగ్గుతో కాగితం మడవబోయింది.

"మడవకు అక్కా," అంది రూత్. అత్త పోయినప్పటి నుంచి ఆ పిల్ల నోరు విప్పడం అదే. "సదువు. ఆమె లోపాలు నాకు తెల్వయా?"

నిరోష మెల్లగా చదివింది.

"పక్కవాళ్ళ చాటలోంచి మంచి ఆకు తీసుకునేది. అడిగితే కొట్లాటకు వచ్చేది. కొడుకు చర్చికి పోయే పిల్లను చేసుకున్నాడని ఏడాది మాట్లాడలేదు. మాట్లాడిన తర్వాత కూడా కోడలిని పేరు పెట్టి పిలవలేదు. 'ఓ పిల్లా' అనేది. కాని ఇంట్లో ఎవరూ లేనప్పుడు, బీడీలు చుట్టుకుంటూ, ఆ పేరును తనలో తాను అనుకునేది. రూత్. రూత్. గోడ ఇవతలి నుంచి నేను విన్నాను. అంత గొంతున్న మనిషి అంత చిన్నగా మాట్లాడడం నేను ఇంకెప్పుడూ వినలేదు. పిలవడానికి నోరు తిప్పుకుంటున్నది. పిలవకుండానే పోయింది. ఇది ఆమె అన్నిటికంటే పెద్ద లోపం."

ముందు సాలవ్వ చాటలో ఒక ఆకు విచ్చుకుంది. ఆకు నరాల వెంట పచ్చదనం పాకింది. చూస్తుండగానే చాటంతా పచ్చబడి, కత్తిరించిన అంచులకు ఎర్రటి చిగురు పుట్టింది. తర్వాత మా అందరి చాటలూ. తర్వాత చుట్టి కట్టిన కట్టలు. ఆ పూట ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా ఎవరి జేబులోని బీడీ కూడా అంటుకోలేదు. కావాలంటే తాగేవాళ్ళను అడుగు.

రూత్ ఆ చాటను ఒళ్ళోకి లాక్కొని, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఏడ్చింది.

"పాయె, వారం కష్టం పాయె," అంటూ గంగమణి ముక్కు చీదుకుంది. అయినా లేచి పోలేదు.

భీమేష్ ఒక్క మాట తగ్గించకుండా వేయించాడు. ఆ ఫ్లెక్సీ ఒక కొస మా వాడలో కడితే రెండో కొస బస్టాండులో తేలింది. దారిన పోయేవాళ్ళు నిలబడి చదివి, ఇండ్లకు పోయి కోడండ్లను పేర్లతో పిలిచారట.

సోమవారం మహిపాల్ బండి తెచ్చి బయట హారన్ కొట్టాడు. నిరోష తలుపు దగ్గరికి వచ్చింది, చేతిలో పెన్ను.

"అక్కా, టైమైతుంది. వాళ్ళకేం చెప్పాలె మరి?"

"నాకు పనున్నదని చెప్పు."

ఇప్పుడు దోమకొండ నుంచి, పెద్దకొడప్‌గల్ నుంచి, అటు డోంగ్లి నుంచి కూడా మనుషులు వస్తున్నారు. 'మా నాయన మీద రాయి, మా అవ్వ మీద రాయి, అయితే అన్న ముక్క మరువకు' అని. వరుస ఎంత పొడుగంటే, చివరివాడు ఇంకా మహారాష్ట్రలోనే ఉంటాడు.

సాలవ్వ పోయినకాడి నుంచి నాకు ఛాతీలో ఒక తీరుగుంటున్నది, బిడ్డా. డాక్టరు ఏమీ లేదంటడు. ఆయన మాటకు ఆకు పచ్చబడలే. నువ్వు ఊకె కూసోకు, లే. పోయి నిరోషను పిలుచుకరా. కాగితాలు జర ఎక్కువ తెచ్చుకొమ్మను. మెచ్చుకోలు నేను చెప్త. లోపాలు మా కోడల్ని అడగమను, ఆమెకు కంఠతా వచ్చు. వరుసల నిలవడకు, ముసల్దానికి ఆగే తీరిక లేదని చెప్పి ముందటికి పో.

జల్ది పో. సదివేటప్పుడు విననీకె నేనుండాలె గదా.