రోడ్డు మీద సున్నం

తలుపులమ్మ డివైడర్ పక్కన పడి ఉంది. నెత్తిన పెట్టుకున్న గిన్నె దొర్లి, చద్దన్నం తారు మీద చెదిరింది. గుద్దిన ట్యాంకర్ ఆగలేదు. ఆగిన కార్లవాళ్లు అద్దాలు దించి, ఫోన్లలో ఫొటోలు తీసుకుని అనకాపల్లి వైపు పోయారు.

తలుపులమ్మ ఊరు కశింకోట దాటాక హైవేకి ఇటు ఉంది. చెరకు పొలాలు, బెల్లం వండే గానుగ అటున్నాయి. ఆరు లేన్లు చేస్తామంటూ వచ్చిన కంట్రాక్టరు మధ్యనున్న దారిని సిమెంటు గోడతో మూసేశాడు. ఊరికి ఇస్తామన్న అండర్‌పాస్ కాస్తా ప్లాట్ల వెంచర్ గేటు ముందుకు పోయింది. సిమెంటుకు కాళ్లుండవు, నడిపించేవాళ్లకుంటాయి. గోడ ఎక్కి దాటితే ప్రాణానికి ముప్పు. ఆటోలో ఎదురుగా పోతే రాంగ్ రూట్ అని ఫొటో తీసి ఫైన్ వేస్తారు. ఆ ఫొటో తీసేవాడు అదే ఊరివాడు, హోంగార్డు సింహాచలం.

ఎస్సై జీపు దిగాడు. జనం మూగారు.

"ముసల్ది చూసుకోకుండా అడ్డంగా పరిగెత్తింది. నువ్వు డ్యూటీలో ఉన్నావు. అంతేనా సింహాచలం?"

సింహాచలం అంతా చూశాడు. ఆమె చాలాసేపు నిలబడింది. అటూ ఇటూ చూసుకుంది. గోడ మీద చెయ్యి ఆనించి, ఒక కాలు దించి, రెండోది దించుతోంది. పరుగెత్తడానికి అక్కడ చోటేది? తల్లి పోయిన నాటి నుంచి ఈ అత్తే అతనికి తన కొడుకు నానాజీతో పాటు ముద్దలు కలిపి పెట్టింది. ఆ నానాజీ ఆటో వదిలేసి వచ్చి, తల్లి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఉద్యోగం ఎస్సై నోటి మాట మీద ఉంది. సింహాచలం తలూపాడు.

ఊరంతా చూసింది. నానాజీ తిట్టలేదు, కొట్టలేదు.

"ఏటి బావా?" అన్నాడంతే.

విద్యార్థులారా, కార్మికులారా, రాజ్యం ఎప్పుడూ తుపాకీ పట్టుకునే వస్తుందనుకోకండి. ఒక్కోసారి మన ఊరివాడి మెడ అరువు తీసుకుని తలూపుతుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడికి ఆ ఇంటి ముందు నడవడం ఎంత కష్టమో సింహాచలాన్ని అడగండి. దహనానికి అతను దూరంగా నిలబడ్డాడు. కట్టె అందించబోతే పక్కవాడు ఆ చేతిలోంచి తీసుకోలేదు.

మర్నాడు సాయంత్రం గానుగ దగ్గర మీటింగు పెట్టారు. సింహాచలం కూడా వెళ్లాడు. అతను కూర్చున్న చోటు నుంచి మనుషులు జరిగిపోయారు. పెళ్లాం నాగజ్యోతి కూడా ఇటు తిరగలేదు. సిగ్గుతో అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"గునపాలట్టుకుని గోడ బద్దలుకొట్టేద్దాం" అన్నాడు పవన్ అనే కుర్రాడు.

"కొడితే కేసులెడతారు. మల్లీ కలెక్టరు కాడికెల్దాం" అన్నాడు పెద్దాయన దేముడు.

"ఎన్నిసార్లు ఎల్లేం మావా? ఎల్లినప్పుడల్లా సూత్తాం అన్నారు. సూసేరు, మాయమ్మ సచ్చిపోడం సూసేరు" అన్నాడు నానాజీ.

నాగజ్యోతి లేచింది. ఆమె గానుగలో పాకం కాసే మనిషి.

"రోడ్డు మీద తెల్లగీతలుంటే బండోడు ఆగాలని బళ్లో పిల్లలకి సెప్తన్నారు కదేటి? ఆళ్లు గియ్యకపోతే మనం గీద్దాం. గోడకి రెండేపులా ఇసక బస్తాలేసి మెట్లు కడదాం."

"రంగెక్కడిదే?" అన్నాడు దేముడు.

"పాకంలో మడ్డి తేలాలని సున్నం ఏత్తన్నాం కాదా? రోడ్డుకీ మడ్డట్టింది. ఏద్దాం."

నవ్వు రాని చోట నలుగురు నవ్వారు. ఆమె మొగుడి వైపు చూడకుండానే మళ్లీ అంది:

"బళ్లాపడం వచ్చినోడు ఒకడున్నాడు. ఆడొత్తాడో రాడో, ఆడిష్టం."

తెల్లారింది. ఆడవాళ్లు సున్నం బకెట్లతో రోడ్డెక్కారు. లారీలు హారన్లు కొడుతూ దూసుకొస్తున్నాయి. సింహాచలం యూనిఫాంలోనే వచ్చి, లేన్ మధ్యలో చెయ్యెత్తి నిలబడి ఈల వేశాడు. లారీలు ఆగాయి. అటు వైపూ అలాగే ఆపాడు. ఆడవాళ్లు నడుములు వంచి, వాకిట్లో ముగ్గేసినంత వడిగా గీసేశారు. మగవాళ్లు బస్తాలు పేర్చారు. ఊరు ఊరంతా హైవే దాటింది. దాటి, మళ్లీ వెనక్కి దాటింది.

కంట్రాక్టరు కారూ ఎస్సై జీపూ ఒకేసారి వచ్చాయి.

"ఎవరు గీశారో చూపించు. నీకందరూ తెలుసు. ఒక్కొక్కరికీ ఫొటో తియ్యి" అన్నాడు ఎస్సై.

అందరి కళ్లూ సింహాచలం మీద పడ్డాయి. ఇవాళ కూడా తలూపుతాడేమోనని పిల్లలు సైతం చూస్తున్నారు. ఆ చూపులు అతనికి లాఠీ దెబ్బలకన్నా ఎక్కువ తగిలాయి.

"తలుపులమ్మత్త పరిగెట్టలేదు సార్" అన్నాడు.

"నేనడిగింది అది కాదు."

"నాను సెప్పేది అదే సార్. నిలబడింది, సూసుకుంది, అప్పుడే దాటింది. దారి మూసినోల్లే సంపేరు."

చెంప పగిలింది. కాలరు పట్టి జీపులోకి తోశారు. ఎవరూ జై కొట్టలేదు. నానాజీ జీపు దగ్గరకు వచ్చాడు.

"ఆ మాట మొన్న సెప్పాల్రా" అన్నాడు.

సింహాచలం తలొంచుకున్నాడు. "అవును బావా."

నానాజీ జీపెక్కి అతని పక్కన కూర్చున్నాడు. వెనకే నాగజ్యోతి సున్నం చేతులతో ఎక్కింది. దిగమంటే దిగలేదు. దేముడు ఎక్కాడు, పవన్ ఎక్కాడు. జీపు నిండిపోతే మిగతా మగవాళ్లు దాని వెనకే అనకాపల్లి స్టేషన్ వైపు నడిచారు.

మధ్యాహ్నం కంట్రాక్టరు నీళ్ల ట్యాంకరు పెట్టి గీతలు కడిగించాడు. సాయంత్రం ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు మళ్లీ బకెట్లు పట్టుకొచ్చారు. బళ్లు ఆపడానికి సింహాచలం లేడు. వాళ్లు అంచున నిలబడి చూస్తున్నారు. చెరకు లోడుతో వస్తున్న లారీ డ్రైవరు దూరం నుంచే వాళ్లను చూసి, బండిని నడిరోడ్డుకు అడ్డంగా తిప్పి ఇంజను ఆపేశాడు.

"గీయండమ్మా" అని కిందికి దిగాడు.