నల్లమ్మ కొట్టంలో విమానం

త్రివేణి పుట్టింది ధర్మవరంలో, మగ్గాల చప్పుడు మధ్య. ఇప్పుడు బెంగళూరులో ఒక చిన్న మ్యూజియం కోసం పాత విమానాల భాగాలను గుర్తుపట్టి వెల కట్టే పని చేస్తోంది. బెళుగుప్ప అవతల ఒక పల్లె నుంచి తిప్పేష్ అనే రైతు పంపిన ఫోటోలు చూసి మొదట నమ్మలేదు. పశువుల కొట్టంలో, మేతకు దాచిన వేరుశనగ కట్టె కింద నుంచి ఒక విమానం రెక్క బయటికి వచ్చి ఉంది.

ఆమె ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గాలి ఆగీ ఆగక వీస్తోంది. కొట్టంలో అడుగు పెట్టగానే బయటి ఎండ ఎవరో చెప్పిన సంగతిలా దూరమైపోయింది. కప్పు సందుల్లోంచి దిగిన సన్నటి వెలుగులో దుమ్ము తేలుతోంది.

"ఇది కూలగొట్టి రేకుల షెడ్డు ఏద్దామని కట్టె తీస్తాంటే బయటపడిందక్కా," అన్నాడు తిప్పేష్. "ఆడ ఏదో ఉండాదని చిన్నప్పట్నుంచి తెలుసు. మా అవ్వ ముట్టనిచ్చేది కాదు."

అవ్వ పేరు నల్లమ్మ. ఎనభై దాటిన మనిషి. గడప మీద కూర్చుని, వచ్చినామె ఏం చేస్తుందా అని చూస్తోంది.

త్రివేణి మోకాళ్ళ మీద కూర్చుని రెక్కను తడిమింది. లోపల చెక్క పక్కటెముకలు, పైన బట్ట. చెదలు సగం తినేశాయి. కళ్ళు మూసుకుని బట్టను వేళ్ళ మధ్య నలిపింది. నార బట్ట, బిగువైన నేత, మీద ఎండి పెళుసైన పూత. చెక్క మీద తనిఖీ చేసినవాళ్ళు వేసిన చిన్న ముద్ర ఇంకా చెరగలేదు.

"రెండో ప్రపంచ యుద్ధం నాటిదన్నా. కొత్తవాళ్ళకు ఎగరడం నేర్పే చిన్న విమానం. దీని ముందర తిరిగే పంకా యాడుంది?"

తిప్పేష్ తల పైకెత్తి చూపించాడు. కొట్టం కప్పుకు దూలంగా ఉన్నది అదే. పొగకు నల్లబడినా దాని వంపు అందంగానే ఉంది. ఒక కొస విరిగింది. రెండోది చెక్కుచెదరలేదు.

త్రివేణి చాలాసేపు దాన్నే చూసింది. "ఇంజను తిరుగుతా దిగింటే రెండు కొసలూ విరిగేవి. నేలకు తగిలేటప్పటికే ఇంజను ఆగిపోయుండాది. సద్దు లేకుండా దిగింటుంది."

నల్లమ్మ మొహం వెలిగింది. "మా మామ అట్లనే చెప్తాండె తల్లీ! చేన్లో ఉంటే నీడ పడిందంట. మేఘమొచ్చిందని సంబరంగా తలెత్తితే ఇదంట. గద్ద వాలినట్ల వాలిందంట. లోపల్నుంచి ఒక తెల్ల పిల్లోడు దిగి నీళ్ళడిగినాడంట. తర్వాత మిలిటరీవాళ్ళొచ్చి ఇంజను ఇప్పుకొని పోయినారు. మిగిలింది నువ్వే పెట్టుకో అన్నారంట."

ఆమె లేచి, గోడ గూట్లోంచి పాత చీరముక్కలో చుట్టిన గుండ్రటి వస్తువును తెచ్చింది. నల్లటి మొహం, తెల్లటి అంకెలు, ఒక ముల్లు.

"ఎత్తు చూపించే మీటరు," అంది త్రివేణి.

"మాకైతే వాన చూపించే మీటరు. మా ఇంటాయన పాపన్న పొద్దున లేస్తానే దీని మొగమే చూసేది. ముల్లు పైకెక్కితే వానొస్తాదనేవాడు. శానాసార్లు వచ్చేది."

"నిజమే అవ్వా. పైకి పోతే గాలి బరువు తగ్గుతుంది. వానొచ్చే ముందర కూడా తగ్గుతుంది. ఈ ముల్లుకు ఆ తేడా తెలీదు."

నల్లమ్మ ముల్లును పట్టి పట్టి చూసింది. "అంటే, వానొచ్చేటప్పుడంతా ఇది మా కొట్టం పైకి లేస్తాండాదని అనుకునేదా?"

"అనుకునేది," అంది త్రివేణి. ఆ మాట అంటుంటే తన కాళ్ళ కింద నేల కొంచెం తేలికైనట్టు అనిపించింది.

తిప్పేష్ ఇక ఆగలేకపోయాడు. "ధర ఎంతొస్తాదక్కా?"

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. చెద పట్టిన రెక్కకు పెద్దగా రాదు. విరిగినా పంకాకు కొంత వస్తుంది. మంచి ధర పలికేది మీటరుకే, ముల్లు ఇంకా ఆడుతోంది కాబట్టి. అన్నీ కలిపితే షెడ్డులో సగం లేస్తుంది. తిప్పేష్ ఆశపడింది లక్షలు. అయినా, "మీటరు నీదవ్వా. నీ ఇష్టం," అన్నాడు.

"ఇస్తా," అంది నల్లమ్మ. "ఇన్నేండ్లూ ఉన్నచోటే ఎగిరింది పాపం. ఒక్కసారి నిజంగా పైకి ఎత్తుకొని పోదాం."

గాలిమరల కోసం ఊరి పక్క కొండ మీదికి వేసిన మట్టిరోడ్డుంది. త్రివేణి కారు నడిపింది, తిప్పేష్ వెనక కూర్చున్నాడు. పక్క సీట్లో నల్లమ్మ మీటరును ఒళ్ళో పెట్టుకుంది. మలుపు మలుపుకూ ముల్లు వణికి, తడబడి, పైకి జరిగింది. "ఎక్కతాండాది! ఎక్కతాండాదమ్మా!" అంటూ ఆమె రెండో చేత్తో కారు తలుపును గట్టిగా పట్టుకుంది, తాను ఎక్కడ కింద పడిపోతానో అన్నట్టు.

పైన గాలికి మాటలు నిలవడం లేదు. కింద ఎర్రటి చేలు, చుక్కల్లాంటి గొర్రెలు, అగ్గిపెట్టెల్లా ఇళ్ళు. నల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తన చేను ఎక్కడుందో వెతుక్కుంది. దొరికాక పకపకా నవ్వింది.

"ఇంతేనా అది? దీనికేనా ఆయనా నేనూ అంత కొట్లాడుకునింది!"

మీటరును చీరముక్కతో తుడిచి త్రివేణి చేతుల్లో పెట్టింది. మళ్ళీ దాని వంక చూడలేదు.

దిగేటప్పుడు నల్లమ్మకు నిద్ర పట్టింది. వెనక సీట్లో తిప్పేష్ గొంతు తగ్గించి, సగం షెడ్డయితే ఏ వైపు మొదలుపెట్టాలో తనలో తానే మాట్లాడుకుంటున్నాడు. అవ్వ లేవకుండా త్రివేణి గుంత గుంతకూ బ్రేకు తొక్కుతూ నెమ్మదిగా నడిపింది.